వానాకాలంలో నీటిరంగులు పెట్టం: మారే ప్రదర్శనల గది పని డైరీ

మార్చి

మా మ్యూజియంకి ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ రారు. "చూసేశాం కదండీ" అంటారు. వాళ్లనేం అనగలం? తూర్పు హాల్లో బొమ్మలు నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అవే మేకులకి, అదే వరసలో వేలాడుతున్నాయి. ఆ హాలు ఖాళీ చేసి, ఏడాదిలో రెండు మూడు సార్లు ప్రదర్శన మార్చే గదిగా తయారుచేయాలని ట్రస్టు తీర్మానించింది. ఏం చూపించాలో మా క్యూరేటర్ మేడం చూసుకుంటారు. దాన్ని ఎలా నిలబెట్టాలి, ఎలా వేలాడదీయాలి, ఎలా దించాలి అన్నది నా పని.

ముందు గోడ సంగతి. పాతకాలపు ఇటుక, సున్నం గోడ. దాని వెనకే పంటకాలువ. గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లు ఏడాదిలో ఎక్కువ కాలం ఈ పునాది పక్కనే పారతాయి. చెమ్మ కిందనుంచి గోడలోకి ఎక్కుతుంది, దాంతోపాటు ఉప్పు పైకి తేలి సున్నాన్ని పొడి చేసి రాలుస్తుంది. మోకాలి ఎత్తులో చెయ్యి రాస్తే అరచేతికి తెల్లగా అంటుకుంటుంది. సిమెంటు పూసేస్తే సరిపోతుందని ఒక కాంట్రాక్టరు సలహా ఇచ్చాడు. సిమెంటు పూస్తే చెమ్మకి బయటికిపోయే దారి మూసుకుపోయి ఇంకో నాలుగడుగులు పైకి ఎక్కుతుంది. కాబట్టి గోడ గోడలాగే ఉంటుంది, బొమ్మలు దాన్ని తాకవు. మొదటి నిర్ణయం అదే.

దించిన బొమ్మల్ని బల్లమీద బోర్లా పెట్టి ఒక్కొక్కటే విప్పుతున్నాను. వెనక అట్టల్లో చెదల మట్టి, బల్లి గుడ్ల పెంకులు, ఒకదాంట్లో కందిరీగ గూడు. అసలు దెబ్బ ముందువైపే ఉంది. ఒక నీటిరంగు బొమ్మ ఉంది, ఏటి ఒడ్డున తెరచాప దించిన నావ. ఎప్పుడో ఎవరో కాగితానికీ గాజుకీ మధ్య సందు లేకుండా బిగించేశారు. వానాకాలాల్లో గాజు లోపలివైపు పట్టిన చెమ్మ కాగితాన్ని గాజుకి అతికించేసింది. పక్కనుంచి టార్చి వేస్తే అతుక్కున్న మేర నూనె మరకలా నిగనిగలాడుతోంది, మిగతా చోట కాగితం గరుకుగా ఉంది. లాగితే ఆకాశం మొత్తం గాజుతో వచ్చేస్తుంది. గాజుతో సహా గుడ్డ చుట్టి, కాగితం బాగుచేసే చదువు చదివినవాళ్లు చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదని చీటీ కట్టాను. ఇకమీదట ప్రతి కాగితం బొమ్మకీ చుట్టూ ఆమ్లం లేని అట్టతో కిటికీ కట్టి, గాజుని ఆ అట్ట మందం మేర దూరంగా ఉంచాలి.

ఏప్రిల్

కాలువలకి నీళ్లు కట్టేశారు. డెల్టాలో సున్నం పని చేయించాలన్నా, పునాది తవ్వాలన్నా ఈ నెలన్నరే అదను. రాలిన చోట్ల పాత సున్నం గీకించి, మళ్లీ సున్నమే పూయించాను. మేస్త్రీలు దొరకడమే కష్టమైంది. ఇప్పుడు అందరికీ సిమెంటు చెయ్యే అలవాటు.

ఇక పలకలు. గోడకి బదులు గది మధ్యలో నిలబడే పలకల మీద ప్రదర్శన ఉంటుంది. ప్రదర్శన మారినప్పుడు అవీ జరుగుతాయి, కొన్ని అటక ఎక్కుతాయి. వడ్రంగి మేస్త్రి గారిది నాటుపడవలు చేసిన కుటుంబం. నేను గీసుకెళ్లిన కాగితం చూసి కాసేపు మాట్లాడలేదు.

"మేకులు లేకుండానా అండి?"

"మేకులు లేకుండానే మేస్త్రి గారూ. ఏటా మూడుసార్లు విప్పాలి, మళ్లీ బిగించాలి. మేకైతే రెండో ఏడాదికి కన్నం వదులైపోతుంది."

"ఆయ్. అయితే చీలలు పెడదామండి. సుత్తితో ఒకటేస్తే దిగాలి, కిందనుంచి ఒకటేస్తే లేవాలి."

అలాగే చేశారు. టేకు చట్రం, రెండువైపులా 12 ఎంఎం ప్లైవుడ్, ఒక్కో పలక 8 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు. రెండు పలకల్ని కోణంలో నిలిపి చీల దింపితే వాటంతటవే నిలబడతాయి. పాదాలు పెట్టి పలకల్ని నేలకి నాలుగంగుళాల ఎత్తులో ఉంచాం, కింద గాలి ఆడాలి, తడిగుడ్డ పెట్టి తుడిచినా పలకకి నీరు తగలకూడదు. గోడకీ పలకకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. ఆ సందులోకి వారానికోసారి చీపురు, టార్చి వెళ్తాయి. చెదలు వచ్చేది ఎప్పుడూ మనం చూడని వైపునుంచే.

ప్లైవుడ్ వాసన గురించి ఎవరూ పట్టించుకోరు. అందులోని జిగురు చాలాకాలం ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు వదులుతుంది, చెక్క కూడా తనవంతు ఆమ్లపు ఆవిరి వదులుతుంది. గాలాడే గదిలో పెద్ద ఇబ్బంది లేదు, మూసిన షోకేసులో ఆ గాలంతా వస్తువు మీదే కూర్చుంటుంది. అందుకే పలకల్ని వరండాలో ఎండకి, గాలికి వదిలేశాం. షోకేసుల లోపల చెక్కమీద అల్యూమినియం పొర ఉన్న షీటు వేసి, దాని మీద నేత గుడ్డ పరిచాం. గుడ్డని ముందే వేడినీళ్లలో ఉతికించాను. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, కాగితాలు తినే పురుగులకి అది పెళ్లిభోజనం.

బొమ్మ ఎత్తు విషయంలో మేడంకీ నాకూ చర్చ నడిచింది. చాలా మ్యూజియంల లెక్క ప్రకారం బొమ్మ మధ్యభాగం నేలనుంచి 145 నుంచి 155 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది బడిపిల్లలు. 140 దగ్గర స్థిరపడ్డాం. పెద్దవాళ్లు కాస్త తల వంచి చూస్తారు, నష్టం లేదు.

మే

దీపాలు. ఇంతవరకు ట్యూబ్‌లైట్లు, పైన వెంటిలేటర్ కిటికీల్లోంచి ఎండ. కిటికీలకి తెరలు వేసి, పైన పట్టాల మీద జరిగే ఎల్ఈడీలు పెట్టించాం. ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఉత్సాహంగా అన్నీ ఫుల్లుగా వెలిగించి "ఎలా ఉందండీ, పెళ్లిమండపంలా లేదూ!" అన్నాడు. నేను వెలుగు కొలిచే లక్స్ మీటరు తీసి ఒక్కో దీపం తగ్గిస్తుంటే వాడి మొహం కూడా తగ్గింది.

లెక్క ఇదీ. నీటిరంగులు, బట్టలు, రంగు వేసిన తోలు లాంటివాటి మీద 50 లక్స్ దాటకూడదు. తైలవర్ణాలకి 200 దాకా ఫరవాలేదు. 50 పెట్టాం కదా అని ఎన్నాళ్లైనా ఉంచేయకూడదు, ఎందుకంటే వెలుగు చేసే నష్టం కూడుతూ పోతుంది. దీపాల మీద అంతర్జాతీయ సంస్థ సీఐఈ 2004లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం బాగా వెలిసిపోయే రంగులకి ఏడాదికి 15,000 లక్స్-గంటలే హద్దు. మేం రోజుకి 8 గంటలు తెరుస్తాం. 50ని 8తో గుణిస్తే రోజుకి 400. 15,000ని 400తో భాగిస్తే 37 రోజులు. అంటే ఒక సున్నితమైన నీటిరంగు బొమ్మని ఏడాది మొత్తంలో ఐదు వారాలు చూపించి, మిగతా కాలం చీకట్లో పడుకోబెట్టాలి. మూడు నెలల ప్రదర్శన పెట్టాలంటే అదే చోటికి రెండు మూడు బొమ్మలు సిద్ధంగా ఉండాలి. ప్రదర్శనలు మార్చడం జనం కోసమే అనుకుంటాం. ఈ లెక్క చేశాక జనం అడగకపోయినా మార్చక తప్పదని తేలింది.

జూన్

కాలువలు వదిలారు. తొలకరి పడింది. హాల్లో పెట్టిన, తేమని గీతగా రాసే డేటా లాగర్‌లో గీత ఒక్కసారిగా లేచి, గాలిలో తేమ 80 శాతం దాటి కూర్చుంది. 65 దాటి కొన్నాళ్లు నిలబడితే కాగితం మీద బూజు మొలకెత్తుతుంది. ఏసీ పెట్టేస్తే పోతుంది కదా అని ప్రతివాళ్లూ అంటారు. పగలు వేసి రాత్రి కట్టేసే ఏసీ కంటే ఏసీ లేకపోవడమే మేలు. పగలు చల్లబడ్డ గాజుమీదికి రాత్రి ఉక్కగాలి వచ్చి చేరితే నీళ్లు కారతాయి. రోజంతా నడిపే స్తోమత మాకు లేదు, కరెంటు కూడా అంత నమ్మకస్తురాలు కాదు.

ఇక్కడే పేచీ మొదలైంది. ఆగస్టు 15న కొత్త గది తెరవాలని ట్రస్టు పట్టుదల. ఈ తేమకి కుండలైతే మేలని నేనన్నాను. తెరిస్తే మా దగ్గరున్న నీటిరంగులతోనే తెరవాలని ఒక పెద్దాయన వాదన. "దామెర్ల రామారావు తిరిగిన గోదావరి గట్టున ఉండి, కుండలతో మొదలెడతావా అబ్బాయ్?"

ఆయన బాధ అర్థమవుతుంది. చిత్రకారుడు దామెర్ల 1897లో రాజమహేంద్రవరంలో పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చెయ్యి చూసి ప్రోత్సహించి, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివే దారి చూపించారు. 1925లో మశూచి వచ్చి 28 ఏళ్లు నిండకుండానే పోయారు. అదే కూల్డ్రే దగ్గర అడివి బాపిరాజు కూడా బొమ్మలు నేర్చుకున్నారు. దామెర్ల బొమ్మలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. మా దగ్గరున్నవి ఆ గాలి సోకిన తర్వాతి తరాల డ్రాయింగు మాస్టార్లవి. పెద్ద పేర్లు లేవు. కానీ మళ్లీ ఎక్కడా దొరకనివి.

అందుకే నేను ఒప్పుకోలేదు. లాగర్ గీత ప్రింటు తీసి మీటింగులో బల్లమీద పెట్టాను. ఈ డెల్టాలో ప్రదర్శనల క్యాలెండరు గాలిని చూసి రాసుకోవాలి, ముహూర్తాన్ని చూసి కాదు. జూన్ నుంచి నవంబర్ దాకా మట్టి, రాయి, కొత్తగా ప్రింటు తీయించిన ఫొటోలు. మట్టి, రాయి తేమకి భయపడవు, ఫొటో పాడైతే మళ్లీ ప్రింటు తీసుకోవచ్చు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాగితం, బట్ట, తోలు. గాలి కాస్త పొడిగా ఉండేది అప్పుడే, సంక్రాంతికి ఊళ్లు నిండేదీ అప్పుడే. వేసవి నమ్మదగ్గ కాలం కాదు, మధ్యాహ్నం వడగాలి, రాత్రి ఉక్కపోత. ఆ నెలలు తైలవర్ణాలకి, లేకపోతే మరమ్మతులకి.

మేడం ఆ క్యాలెండరు వెనక నిలబడ్డారు. పెద్దాయన "సరే, కుండలే కానీండి" అన్నారు. పూర్తిగా చల్లబడలేదు.

ఆగస్టు

కుండలే అయ్యాయి. బాన, కడవ, అటిక, మూకుడు, పెంకులు. వాటి వెనక గోదావరి వరదల పాత ఫొటోల కొత్త ప్రింట్లు. బానని షోకేసులో పెట్టలేదు, ఇసుక పరిచిన తక్కువెత్తు బల్లమీద కూర్చోబెట్టి అడుగున ఇసుక సంచులు ఆనించాం. పిల్లలు తడతారని తెలుసు కాబట్టి తట్టడానికే వేరే కుండ ఒకటి గుమ్మం దగ్గర పెట్టాం. దాంతో లోపలివాటి జోలికి పెద్దగా రావడం లేదు.

తెరిచిన కొన్నాళ్లకే ఏరు పెరిగింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా పని పట్టిక కూడా ఈ అంకెలతోనే రాసుకున్నాం. మొదటి హెచ్చరికకి స్టోరులో కింది అర ఖాళీ. రెండోదానికి కాగితం బొమ్మల పెట్టెలు మేడమీదికి. మూడోదానికి పలకల చీలలు తీసి, ఫొటోలు దించి, మెయిన్ స్విచ్ కట్టేయడం. 1986 ఆగస్టు వరద చూసిన వాచ్‌మన్ తాత ఈ పట్టిక చదివించుకుని విని, "మూడోదాకా ఆగకండి బాబూ, రెండోదానికే అన్నీ కానిచ్చేయండి" అన్నాడు. అలాగే దిద్దాను. ఈసారి మొదటి హెచ్చరికతోనే సరిపోయింది. స్టోరులో కింది అర ఖాళీ చేశాం, మళ్లీ సర్దాం. ఒళ్లు నొప్పులు తప్ప ఇంకేం లేదు.

నవంబర్

తుఫాను హెచ్చరికల నెల. కోనసీమలో 1996 నవంబర్ తుఫాను మాట ఎత్తని ఇల్లుండదు. కిటికీలకి చెక్కలు సిద్ధంగా పెట్టుకున్నాం.

పేరు చీటీలు రాయడం ఈ నెల పనే. మేడం రాసిన చీటీల్లో సగం కత్తిరించాను, అందుకు ఆవిడ ఒకరోజు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నిలబడి చదివేవాడికి అరవై మాటలు ఎక్కువే. అక్షరం చిన్నదైతే వత్తులు కనబడవు, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. తెలుగు చీటీకి ఇంగ్లిషు చీటీ కంటే అక్షరం పెద్దది కావాలి, వరసల మధ్య సందు కూడా ఎక్కువ వదలాలి.

డిసెంబర్

కుండలు దిగాయి, లేసు ఎక్కుతోంది. లాగర్ గీత నెమ్మదిగా దిగి 60 చుట్టూ తిరుగుతోంది.

చించినాడ వంతెన దాటి నరసాపురం వెళ్లి తెచ్చాం. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని అల్లే లేసు అది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకు ఇచ్చినావిడ తన అత్తగారు అల్లిన గుండ్రటి బల్లగుడ్డ కూడా పాత చీరలో చుట్టి తెచ్చి పెట్టారు. అప్పగించే ముందు ఇద్దరం కలిసి దాని పరిస్థితి కాగితం మీద రాసుకున్నాం. పెన్సిలుతోనే రాయాలి, వస్తువు దగ్గరికి పెన్ను రాకూడదు. ఏ అంచున ఎన్ని ముడులు తెగాయి, ఎక్కడ పసుపు మరక ఉంది, అన్నీ బొమ్మ గీసి గుర్తులు పెట్టాం.

"ఇది తిరగేసి పెట్టారండీ" అన్నారావిడ నేను పరిచింది చూసి. నాకు రెండువైపులూ ఒకేలా ఉన్నాయి. ఆవిడ వేలితో ఒక పువ్వు మీద రాసి చూపించారు. సూది కొక్కెం దారాన్ని లాగిన ప్రతిచోటా ముందువైపు చిన్న జడలా రెండు దారాలు కలిసి పడుకుని ఉంటాయి, వెనకవైపు అదే చోట అడ్డంగా చిన్న బొడిపె తగులుతుంది. కంటికంటే వేలికి ముందు తెలుస్తుంది. చేతి తొడుగులు వేసుకుంటే ఇది తెలిసేదే కాదు. పైగా తొడుగు దారపు ఉంగరాల్లో చిక్కుకుంటుంది. లేసుకి కడిగి ఆరబెట్టిన ఉత్త చేతులే మంచివి.

పరిచే పని మొత్తం వారం తిన్నది. అట్టమీద మెత్తటి దూది పొర, దానిమీద ముదురు నీలం నేత గుడ్డ, రంగు వదలదని తడిపి తెల్లగుడ్డతో అద్ది చూసుకున్నాకే. దానిమీద లేసు. గుండుసూదులు వాడలేదు, ఇనుము ఈ గాలికి ఒక వానతోనే తుప్పు మరక పెడుతుంది. పురుగుల నమూనాలకి వాడే సన్నటి స్టీలు సూదులతో తాత్కాలికంగా నిలిపి, లేసు దారం కంటే సన్నటి దారంతో కుట్టాం. కుట్టు లేసు దారంలోంచి వెళ్లకూడదు, దాని మీదుగా దాటాలి. మధ్యలోంచి మొదలెట్టి బయటికి రావాలి, లేకపోతే గుండ్రం కోడిగుడ్డు అవుతుంది. కుట్టింది నేను కాదు, మా ఆఫీసులో టీ పెట్టే అక్క. నా కుట్లు చూసి చిరాకుపడి లాక్కున్నారు. ప్రదర్శన చివర పనిచేసినవాళ్ల జాబితాలో ఆవిడ పేరు మొదట పెట్టించాను.

నీటిరంగులు కూడా ఈసారే. కాగితాన్ని అట్టకి పై అంచున రెండుచోట్ల మాత్రమే, జపాను పల్చటి కాగితపు ముక్కలతో, గోధుమ పిండిపదార్థం ఉడికించిన జిగురుతో వేలాడదీశాం. మైదా పనికిరాదు, అందులో జిగట మాంసకృత్తు ఉంటుంది, పురుగు వస్తుంది. ఈ జిగురు ఎప్పుడైనా కాస్త తడితో ఊడొస్తుంది. నాలుగు మూలలా అతికిస్తే కాగితానికి సాగడానికీ ముడుచుకోవడానికీ చోటుండదు, మధ్యలో ఉబ్బుతుంది. సెల్లో టేపు ఉన్న పాత బొమ్మల సంగతి రాయాలంటే వేరే డైరీ కావాలి.

జనవరి

సంక్రాంతి. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు, కొత్త అల్లుళ్లు, కోడిపందేల బరికి వెళ్తూ మధ్యలో ఆగినవాళ్లు. "ఏంటండీ ఇంత చీకటి, కరెంటు లో వోల్టేజా?" అని అడిగినవాళ్లే ఎక్కువ. గుమ్మం దగ్గర వెలుగు తగ్గించి, లోపలికి నడిచేకొద్దీ కళ్లు అలవాటు పడేలా దీపాలు మార్చాం. ఆ ప్రశ్న సగానికి తగ్గింది. రెండో ప్రశ్న: "బాపు గారి బొమ్మలు లేవా?" నరసాపురంలో పుట్టిన మనిషి కదా, లేసు చూడగానే అందరికీ ఆయనే గుర్తొస్తారు. లేవని చెప్పి చెప్పి అలిసిపోయి, ఎప్పటికైనా ఎక్కడినుంచైనా అరువు తెచ్చి ఒక ప్రదర్శన పెడదామని మేడం నోట్‌బుక్కులో రాయించాను.

తోలుబొమ్మలతో వేరే చిక్కు. కాకినాడ పక్కన మాధవపట్నం బొమ్మలాటకి పేరున్న ఊరు. అక్కడినుంచి రెండు బొమ్మలు అరువు వచ్చాయి. మేకతోలు గీకి పల్చన చేసి రంగులు వేసినవి. వెనకనుంచి వెలుగు పడకపోతే తోలుబొమ్మ తోలుముక్కే, రంగు లేవదు. వెలుగు పెడితే రంగు పోతుంది, వేడికి తోలు వంకర తిరుగుతుంది. మనిషి కదలిక పసిగట్టే సెన్సరు పెట్టి, ఎవరైనా ఎదురుగా నిలబడితే ఇరవై సెకన్లు మాత్రమే వెలిగేలా చేశాడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు. దీపం బొమ్మకి బాగా దూరంగా, మధ్యలో పాల రంగు అక్రిలిక్ షీటు. చీకట్లోంచి హనుమంతుడు ఒక్కసారి ఎర్రగా లేస్తుంటే పిల్లలు కేక పెట్టి వెనక్కి వెళ్లి, దీపం ఆరగానే మళ్లీ వస్తున్నారు. పండగ రోజుల్లో ఆ ఇరవై సెకన్లు ఆగకుండా వెలిగాయి, ఆ మూడు రోజులు తెర వేసి గంటకి ఒకసారి తీశాం.

నెల మధ్యలో నీటిరంగుల మొదటి జట్టు దిగి రెండో జట్టు ఎక్కింది. దిగినవాటిని మళ్లీ పక్కనుంచి టార్చి వేసి, ఎక్కేముందు తీసిన ఫొటోలతో పోల్చి చూశాను. ఒకదాని మూల కాస్త లేచింది తప్ప మార్పు లేదు. పెట్టెల్లోకి వెళ్లాయి. ఈ ఏడాదికి వాటి వెలుగు అయిపోయింది.

ఫిబ్రవరి

కుండలతో మొదలెడతావా అని కోప్పడిన పెద్దాయన నీటిరంగుల దగ్గర చాలాసేపు గడిపారు. వెళ్తూ, తమ ఇంట్లో ఇనప్పెట్టెలో చుట్టిపెట్టిన బొమ్మలు కొన్ని ఉన్నాయని, వచ్చి చూడమని అన్నారు. చుట్టిపెట్టినవి అనగానే నాకు టెన్షన్ మొదలైంది. నేను వచ్చేదాకా విప్పొద్దని రెండుసార్లు చెప్పాను.

లేసు నెలాఖరుకి నరసాపురం తిరిగి వెళ్తుంది, డిసెంబర్‌లో రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని ఇద్దరం మళ్లీ సంతకాలు చేయాలి. తేమ పీల్చే సిలికా గుళికలు నారింజ రంగు పోయి ఆకుపచ్చగా మారాయి, వాటిని ఓవెన్‌లో వేయించి డబ్బాల్లో మూయాలి. కాలువలు కట్టాక ఉత్తరపు గోడకి సున్నం. జూన్ ప్రదర్శన కోసం కుమ్మరి వీధిలో మాట్లాడి వచ్చాను. ఈసారి నీళ్ల గాబు కూడా ఇస్తామన్నారు. అది మా గుమ్మంలోంచి పట్టదని మేస్త్రి గారు అప్పుడే అంటున్నారు. రేపు పొద్దున టేపు పట్టుకుని ఇద్దరం వెళ్లి కొలవాలి.